కేబుల్ కలిపిన మధ్యాహ్నం

మీరేం చూశారు? నీళ్ళు నమలకుండా చెప్పండి. పక్కన పనిచేసేవాడు యంత్రం కింద నలిగిపోతుంటే చూసి, "నేను అటు తిరిగి ఉన్నానండి" అన్నవాళ్ళు మీలో లేరా? మండపేట రైస్‌మిల్లులో జట్టు మేస్త్రి సత్తిరాజు ఆ మాటే అన్నాడు.

బియ్యం బస్తాలు పేర్చే రోబో ఆ మిల్లుకి వచ్చి ఏడాది. దాని చుట్టూ ఇనుప కంచె, కంచెకో గేటు. గేటు తెరిస్తే రోబో ఆగాలి. కానీ గేటు తెరిచిన సంగతి రోబోకి చేర్చే కేబుల్ వెయ్యకుండానే యజమాని పని మొదలెట్టించాడు. చిరిగిన బస్తా తియ్యడానికి జట్టులోని అప్పాజీ గేటు తెరిచి లోపలికెళ్ళాడు. రోబో ఆగలేదు. దాని కిందే నలిగి చనిపోయాడు. "తాగి కంచె దూకాడు" అని యజమాని పోలీసులకి రాయించాడు. సత్తిరాజు తలూపాడు. అప్పాజీ చుక్క ముట్టని మనిషని భార్య రత్నమాణిక్యం ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు.

రెండు నెలలకి కేబుల్ వచ్చింది. శ్రావణం ముసురు. మధ్యాహ్నమే మిల్లులో లైట్లు వేశారు. తడిసిన గోనె వాసన, ముక్కిన తవుడు వాసన. ఇంజనీరు దుర్గాశ్రీ గేటునీ, లోపల మనిషి ఉంటే కనిపెట్టే సెన్సర్‌నీ, రోబోనీ ఒకే స్విచ్ పెట్టెకి కలిపింది. పచ్చ దీపాలు మిణుకుమన్నాయి.

"ఇక ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయండి మేస్త్రిగారూ. మీలా మూతి బిగించుకుని కూర్చోవు" అంది నవ్వుతూ.

"నాతో మాట్లాడకపోతే చాలమ్మా."

రోబో మొదటి బస్తా ఎత్తింది. ఆగిపోయింది.

దుర్గాశ్రీ ల్యాప్‌టాప్ చూసింది. "లోపల ఎవరో ఉన్నారంటోంది సెన్సర్."

గేటు మూసే ఉంది. కంచె లోపల ఎవరూ లేరు. ఆమె సెన్సర్ కేబుల్ పీకేసింది. తెర మీద మనిషి గుర్తు మాత్రం పోలేదు...

రోబో చెయ్యి మెల్లగా దిగింది. మనిషి తల ఎత్తుకి వచ్చి నిలిచింది. కాదు... ఇంకో జానెడు దిగింది.

సత్తిరాజు కంచె దగ్గరికి జరిగి చూశాడు. జట్టులో అందరికన్నా పొట్టివాడు అప్పాజీ. ఇరవై ఏళ్ళు అతని తలకి బస్తా అందించింది తనే. సరిగ్గా ఆ ఎత్తులోనే.

కంచె లోపల "ఊఁ" అని చిన్న చప్పుడు. బరువుకి మెడ బిగించిన మనిషి చేసే చప్పుడు.

"మేస్త్రిగారూ..." దుర్గాశ్రీ గుసగుసగా అడిగింది. "ఆ రోజు ఆయన గేటు తెరిచే వెళ్ళాడా? మీరు చూశారు కదండీ?"

నిజం చెబితే పదకొండు మంది జట్టుకి రేపట్నుంచి పనుండదు. యజమాని ఆ మాట మొహం మీదే అన్నాడు.

"నేను... అటు తిరిగి ఉన్నానమ్మా."

తెర మీద బస్తా బరువు తగ్గుతోంది. యాభై. నలభై. ఇరవై... సున్నా.

బస్తా రోబో చేతిలోనే ఉంది. నిండుగా.

కంచెకి ఇవతల సత్తిరాజు మెడ కటుక్కుమంది. మోకాళ్ళు వంగిపోయాయి.

"ఏంటండీ? ఏమైంది?"

అతను గోడ పట్టుకుని వెళ్ళి తూకం కాటా ఎక్కాడు. యాభై ఆరు కిలోల మనిషి. కాటా నూట ఆరు చూపించింది.

సాయంత్రం వానలో ఇంటికి బయల్దేరాడు. రత్నమాణిక్యం గుమ్మం దాటే వెళ్ళాలి. ఆమె వాకిట్లో నిలబడి ఉంది. అతని మొహంలోకి చూడలేదు. అతని తలకి జానెడు పైకి చూసింది.

"ఎవరిది అన్నయ్యగారూ, ఆ బస్తా?"

మీరైతే ఆమెకేం చెబుతారు?