కంచె లోపలి బండ

వేణు రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చాడు. తల్లి రుక్కమ్మ చాయ్ పొయ్యలేదు. తండ్రి లింగమూర్తి గడపలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

గచ్చిబౌలి వెనక వాళ్ల గుట్టను కాపాడాల్సిన గుట్ట అని సర్కారు కంచె వేసింది. రాళ్లు కొట్టడం ఆగిపోయింది. మేకలు తోలడమూ ఆగిపోయింది. వేణుకు గేటు కాడ కాపలా పని దొరికింది. ఆ కంచె లోపలే, ఒక బండ కింద, అతని చెల్లెలు బుజ్జిని పూడ్చారు. జ్వరం వచ్చి పోయిన చిన్నపిల్ల. ఏటా పెత్రమాసకు, పోయినవాళ్లను తలుచుకునే అమావాస్యకు, రుక్కమ్మ ఆ బండకు పసుపు రాసి బొట్టు పెట్టేది. ఇప్పుడు పోనివ్వరు. అందుకని నిన్న పెత్రమాసనాడు గడ్డి కోసే ఆడవాళ్లలో కలిసి లోపలికి పోయి, బండ నిండా రాసి వచ్చింది. అది తప్పని ఆమెకు తోచలేదు.

"బండ బోసిగుందట. పొద్దున గుట్ట కాడ ఊడ్వబోయిన బుచ్చమ్మ చెప్పింది. ఎవలు కడిగిండ్రు?" అంది రుక్కమ్మ.

"నేనే" అన్నాడు వేణు.

రుక్కమ్మ కొడుకు చేతుల వైపు చూసింది.

"మా సారు ఫోటో తీసిండమ్మా. బండ ఖరాబు చేసినోళ్లను పట్టియ్యమన్నడు. నువ్వని తెలిస్తే నా నౌకరి పోతది."

"పసుపు రాస్తే ఖరాబా?"

"వాళ్ల లెక్కల గంతే."

"టోపీ ఇచ్చిండ్రు, బూట్లిచ్చిండ్రు. ఇగ చెల్లె యాదికుంటదా నీకు."

లింగమూర్తి బీడీ ఆర్పాడు. "కంచె లేకుంటే ఆ బండ ఎన్నడో కంకరై ఏ బిల్డింగులనో కలుస్తుండె."

"కంకరైతే ఒక్కనాడు ఏడ్చి ఊకుందును. కండ్ల ముంగటుంది, ముట్టనియ్యరు. తాళమేసేది నా కొడుకే."

వేణు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"తీగెల బ్రష్ ఇచ్చిండ్రు, ఏందో మందు ఇచ్చిండ్రు. నేను ముట్టలే. చేత్తోనే కడిగిన."

"నీళ్లు పోసినవా?"

"పోసిన."

"చన్నీళ్లా?"

"చన్నీళ్లే."

"తలకు చన్నీళ్లు పోస్తే బుజ్జికి పడకపోతుండె" అంది రుక్కమ్మ. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "మెల్లగ రుద్దినవా?"

"మెల్లగనే అమ్మా."

ఆమె లేచి అన్నం వడ్డించి కొడుకు ముందు పెట్టింది.

"తిను. వచ్చే ఏడు నేను రాను. కడిగితె నిన్ను ఎవ్వరేమనరు గద. పెత్రమాసకు నువ్వే కడుగు. ఇంట్ల నీళ్లు కాగబెట్టి ఇస్త, తీస్కపో."