కొప్పులో పచ్చరెమ్మ

వైడూర్యపురానికి ప్రాణం శంఖిణీ నది. ఒక వేసవిలో ఆ నది ఉన్నట్టుండి ఎండిపోయింది. నీలగుహలోని యక్షిణి దాని ఊటను బంధించిందనీ, కొండభాషలో అడిగినవారికే విడిచిపెడుతుందనీ తెలిసింది. అడగబోయిన వీరులందరూ శిలలయ్యారు. వారిలో పడవ నడిపే మాచన కూడా ఉన్నాడు. అన్నను విడిపించడానికి చెల్లెలు చెంగలువ ఒంటరిగా బయలుదేరింది. ఆ పిల్ల గుండెధైర్యం ఎంతదో చూడండి, చేతిలో చిన్న కత్తి కూడా లేదు!

కొండ దిగువన ఒక ముని ఆమెకు ఆ భాష కొంత నేర్పి, కొప్పులో పచ్చరెమ్మ తురిమాడు.

"నేర్చుకుంటున్నవాళ్లకు ఇది గుర్తు తల్లీ. ఇది ఉన్నంతకాలం నువ్వు తప్పు మాట్లాడినా ఇక్కడ ఎవరూ నవ్వరు, కీడు చేయరు. సరిదిద్దుతారు, అంతే."

అడవిలో ఎలుగుబంటి అడ్డం వచ్చింది. చెంగలువ తడబడుతూ దారి అడిగింది. ఎలుగు రెమ్మను చూసి, ఆమె తప్పు దిద్ది పక్కకు తొలగింది. ఆ తర్వాత మహాసర్పం పడగ విప్పేసరికి ఆమెకు ఒక్క మాటా గుర్తు రాలేదు. "ఛీ, నాదీ ఒక బుర్రేనా!" అని ఏడ్చేసింది.

"నిన్ను నువ్వు తిట్టుకుంటే మాటలొస్తాయా? కుబుసం విడవాలంటే నాకే బోలెడు సమయం పడుతుంది. నిదానంగా చెప్పు, వింటాను," అంది సర్పం. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది.

గుహ ముందు ఎండిన రెమ్మలు కుప్పగా పడి ఉన్నాయి. వీరులు సిగ్గుపడి తీసి పారేసినవి అవి. చెంగలువ చెయ్యి కూడా కొప్పు దాకా వెళ్లింది. కానీ రాని భాషను వచ్చినట్టు చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. రెమ్మతోనే లోపలికి నడిచింది.

"మా భాష వచ్చా?" అని గర్జించింది యక్షిణి.

"కొంచెమే వచ్చమ్మా. ఇంకా నేర్చుకుంటున్నాను."

"ఇంతకాలానికి బొంకని మనిషిని చూశాను! ఇక్కడ బొంకినవాళ్లే రాళ్లయ్యారు. ఊఁ, అడుగు."

చెంగలువ అడిగింది. ఒక మాట తప్పింది. యక్షిణి దిద్దింది. ఆమె మళ్లీ అడిగింది. ఊట ఉరికింది, శిలలకు ప్రాణం వచ్చింది.

"రెమ్మ పెట్టుకుంటే పరువు పోతుందనుకున్నానే చెల్లీ!" అని మాచన ఆమెను పట్టుకుని ఏడ్చాడు.

సంతానం లేని రాజు చెంగలువకే పట్టం కట్టాడు. ఆమె చల్లగా ఏలింది. జుట్టు నెరిసినా కొప్పులో పచ్చరెమ్మ మాత్రం ఉండేది.

"కొండభాష ఇంకా రాలేదా అవ్వా?" అని మనవరాలు ఆటపట్టించింది.

"నిన్ననే ఒక కొత్త మాట నేర్చుకున్నానే!" అంటూ రాణి రెమ్మను సర్దుకుంది.