నడవా గోడకు వేసిన రంగు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి అత్తగారి గదిలోకి వెళ్లిన కోడలికి, మంచం పక్కన చెంబు నిండుగా కనిపించింది. రాత్రి పెట్టిన నీళ్లు పెట్టినట్టే ఉన్నాయి. నిన్నా అంతే. అదేమిటత్తయ్యా అంటే, దాహం వెయ్యలేదమ్మా అని ఆవిడ అటు తిరిగి పడుకుంది. పెదాలు మాత్రం ఎండి పగిలి ఉన్నాయి.

గుచ్చి గుచ్చి అడిగే ఓపిక కోడలికి లేదు. ఇంటికి రంగులు వేస్తున్నప్పటి నుంచీ సామాన్లు ఈ గదిలోంచి ఆ గదిలోకి మోసి మోసి నడుం పట్టేసింది. ఊళ్లో అందరి గోడలూ మెరిపించే రంగుల మేస్త్రికి సొంత ఇల్లు కనపడదా అని చుట్టాలు ఎకసెక్కాలాడుతుంటే, ఇన్నాళ్లకు ఆమె భర్తకు మనసు పుట్టింది. అందుకే దేవుడికి దణ్ణం పెట్టుకుని ఆ చాకిరీ అంతా చేసింది.

పేచీ వచ్చింది నడవా దగ్గరే. అత్తగారికి చూపు మసక. మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా గోడ తడుముకుంటూ ఆవిడే వెళ్లొస్తుంది. ఇంకొకరి మీద ఆధారపడటం లేదన్నది ఆవిడకున్న ఒకే ఒక్క ధీమా. గోడ మీద పడే చేతి మరకలు తుడుచుకోవడం కోడలి పని. అందుకని నడవాకు మాత్రం షాపులో ఇళ్లవాళ్లకని అమ్మే ఎమల్షన్ రంగు వెయ్యమంది. పక్కింట్లో చూశానని, తడిగుడ్డతో తుడిచినా అది చెదరదని చెప్పింది.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "డబ్బా మీద బొమ్మ చూసి కొనేవాళ్ల రంగు అది. మూడు పూతలు వేసినా కింది మచ్చ కనిపిస్తుంది. మేం పనుల్లో వాడే ట్రేడ్ ఎమల్షన్ వేస్తా. రెండు పూతల్లో గోడ మీగడలా ఉంటుంది చూడు" అన్నాడు.

అన్నట్టే ఉంది కూడా. మెరుపు లేదు, అతుకు కనపడదు. కానీ అత్తగారి చెయ్యి పడ్డ చోట గుడ్డ పెట్టగానే రంగు సున్నంలా ఊడొచ్చింది. సాయంత్రం మేస్త్రి విసుక్కుంటూ ఆ చోటు మళ్లీ దిద్దాడు. ఆ మర్నాటి నుంచే అత్తగారు, కాస్త బాత్రూం దాకా తీసుకెళ్లమ్మా అని పూటకోసారి చెయ్యి చాపడం మొదలుపెట్టింది. కాళ్లు నొప్పులేమో అనుకుంది కోడలు.

ఇప్పుడా నిండు చెంబు చూస్తుంటే అది కాళ్ల నొప్పి కాదేమో అనిపించింది. మంచం అంచున కూర్చుని, నిజం చెప్పమంది.

"నీళ్లు తాగితే లేవాలి కదమ్మా" అంది అత్తగారు మెల్లగా. "లేస్తే గోడ పట్టుకోవాలి. వాడు పొద్దస్తమానం పనిచేసొచ్చి మళ్లీ దిద్దుకోవాలి. పట్టుకోకుండా నడుద్దామని చూశాను. కాళ్లు వణికాయి. మాటిమాటికీ నిన్ను పిలిస్తే నీకు మాత్రం ఓపికేదీ?"

కోడలు లేచి వీధి గదిలోకి వెళ్లింది. మేస్త్రి పనికి వెళ్లడానికి బ్రష్షులు సర్దుకుంటున్నాడు.

"మీ అమ్మగారితో ఏమన్నారు మీరు?"

"ఏమన్నాను? గోడ ముట్టుకోకమ్మా, పాడవుతోందన్నాను."

"గోడ ముట్టుకోవద్దంటే నడవొద్దనేగా. ఆవిడ నీళ్లు తాగడం మానేసిందండీ."

మేస్త్రి చేతులాగాయి. అయినా పంతం వదల్లేదు. ఇన్ని ఇళ్లకు ఇదే రంగు వేశానని, ఇంతవరకూ ఒక్కరూ వేలెత్తి చూపలేదని గొణిగాడు.

"రంగు ఆరగానే మీరు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేస్తారు. ఆ గోడల్ని రోజూ తుడిచేవాళ్ల మొహం ఎప్పుడైనా చూశారా?" ఆమె గొంతు పెంచలేదు. పెంచే సత్తువ లేదు. "ఇల్లు శుభ్రంగా ఉంటే దేవుడొస్తాడంటారు. ఇంట్లో మనిషికి చెయ్యి ఆనించుకునే చోటు లేకపోయాక ఆయన మాత్రం ఎందుకొస్తాడండీ?"

మేస్త్రి ఆ రోజు పనికి వెళ్లలేదు. బజారుకెళ్లి, తను ఎప్పుడూ చేత్తో ముట్టని షాపు డబ్బా తెచ్చాడు. నడవా గోడను గరుకు కాగితంతో రుద్ది మొదటి పూత ముగించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అప్పుడు గది గుమ్మంలో తల్లి కనిపించింది. రెండు చేతులూ గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

"వాసనొస్తోంది, ఇంకా ఆరలేదేమోలే. ఆరేదాకా ఆగుతాన్రా" అంది.

మేస్త్రి నిచ్చెన దిగాడు. తల్లి చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తెరిచి తడిగోడకు ఆనించాడు.

"అయ్యో, తడి తగుల్తోందిరా."

"తగలనీ అమ్మా. నువ్వు నడువు."

ఆవిడ ఒక్కో అడుగూ వేసింది. గోడ పొడుగునా ఒక్కో చెయ్యీ అచ్చుపడుతూ పోయింది. మేస్త్రి రోలరు కింద పెట్టి, కళ్లు తుడుచుకోవడానికి తన చేతుల్లో రంగు అంటని చోటు కోసం వెతుక్కున్నాడు. అది దొరక్కపోయేసరికి కోడలే కొంగు అందించింది.