ఉప్పు రాసిన గడ్డిదూడ

2087 నాటికి పల్నాడులో పెద్దకూర తినేవాళ్ళకు కొదవ లేదు గాని, గేదెను కోయడం కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం దాదాపు మిగల్లేదు. కబేళా అన్న మాట పిల్లలకు చరిత్ర పాఠంలో తగిలేది. మాంసం తొట్లలో పెరిగేది. బతికున్న గేదె తొడలోంచి నువ్వుగింజంత కండ తీసి, బయోరియాక్టర్ అనే స్టీలు తొట్టిలో వేసి, చక్కెరలూ లవణాలూ కలిపిన నీళ్ళు పోస్తే మూడు వారాలకల్లా వీధి మొత్తానికి సరిపడా మాంసం తయారు. దాని పేరు కణమాంసం. కండ ఇచ్చిన గేదె పేరు దాత. సూది దిగినప్పుడు ఓసారి తోక విసిరి, అది మళ్ళీ మేతకు పోయేది.

ఊటపల్లె కొట్టంలో అలాంటి దాతలు ముప్ఫై రెండు. వాటికి పెద్దదిక్కు గంటా ఎస్తేరమ్మ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మాటకు ముందు చెయ్యి లేస్తుంది గాని గేదెల మీద ఎన్నడూ లేవలేదు. "మా తాత కోసేవాడు. నేను గిచ్చుతున్నా. అంతే తేడా" అని నవ్వేది. తెల్లారగానే పేడ ఎత్తడం, కుడితి కలపడం, గిట్టలు చూడటం, గురువారం గురువారం సూదుల పని. చూడి గేదెను మాత్రం సూది తాకకూడదని ఆమె పెట్టిన కట్టడి. కంపెనీ రూల్లో అది లేకపోయినా ఆమె కొట్టంలో అదే రూలు.

ఆ కొట్టానికి గండం వచ్చిపడింది. కొట్టాన్ని నడిపే సుక్షేమ ఫుడ్స్ కంపెనీవాళ్ళే నిర్జంతు మాంసం కనిపెట్టారు. కండకణం ఎలా ఉండాలో కంప్యూటర్‌లో రాసుకుని, మట్టిలో దొరికే మూలకాలతోనే దాన్ని కట్టడం. గేదెతో పనే లేదు. మొదటి వారం జనం ఎగబడి కొన్నారు. రెండో వారం సగం మంది, మూడో వారం ఎవరూ లేరు. ఎవర్ని అడిగినా ఒకటే మాట, ఏదో తక్కువైందని. ఆ తక్కువేమిటో తేల్చమని డాక్టర్ వకుళ అనే శాస్త్రవేత్తను ఊటపల్లె పంపారు. ఆమె తేల్చిందా, దాతల కొట్టాలన్నీ మూత. ముప్ఫై రెండు గేదెలూ ముప్ఫై రెండు దిక్కులకు పోతాయి. ఎస్తేరమ్మ ఆ సంగతి రాసిన కంపెనీ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, గడ్డివాము మీద పెట్టి, పైన రాయి పెట్టింది. ఒక్కదాన్నీ గడప దాటనిచ్చేది లేదని అప్పుడే గట్టిగా అనుకుంది.

వకుళ మంచి పిల్లే. ముక్క ముట్టని ఇంట్లో పుట్టి మాంసం మీద పట్టా పుచ్చుకుంది.

"తినకుండా తక్కువేందో ఎట్టా చెప్తావు డాక్టరమ్మా?" అంది ఎస్తేరమ్మ.

"అణువులు లెక్కపెట్టి చెప్తానండీ. రెండింటిలోనూ అన్నీ సరిగ్గా ఒకేలా ఉన్నాయి. అదే నాకు మింగుడు పడటం లేదు."

"యంత్రానికి నాలుక లేదు గాబట్టి. నా ముందు పెట్టు. కళ్ళకు గంతలు కట్టినా ఏది మా చంద్రిదో చెప్తా. చెప్తే, కొట్టం ఉంచాలని రాస్తావా?"

వకుళ రాస్తానంది. ఆదివారం చర్చి అయ్యాక పందెం.

చంద్రి అంటే ఆ మందకే అందగత్తె. నుదుటి మీద తెల్లటి మచ్చ, చందమామంత గుండ్రంగా. అది ఈని వారమైంది, దూడ దక్కలేదు. పొదుగు రాయిలా గట్టిపడుతోంది, పాలమిషను దగ్గరికి తెస్తే తన్ని పారేస్తోంది. ఎస్తేరమ్మ దూడతోలు ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి, నాలుగు కర్రకాళ్ళ మీద నిలబెట్టింది. వాళ్ళ నాయనమ్మల నాటి పద్ధతి అది. బుధవారం గడ్డిదూడ వీపంతా తవుడూ ఉప్పూ కలిపి రాసి చంద్రి ముందు పెట్టింది. చంద్రి వాసన చూసింది. మెల్లగా నాకడం మొదలుపెట్టింది. కాసేపటికి చేపు వచ్చి, సరసరా పాలు దిగాయి.

వకుళ అప్పటికే చంద్రి తలకు మెదడు అలలు చదివే పట్టీ కట్టి ఉంచింది. చేతిలో తెర చూసి తెల్లబోయింది.

"ఎస్తేరమ్మ గారూ, ఇది మోసపోలేదండీ. బిడ్డను గుర్తుపట్టినప్పుడు వెలగాల్సిన చోటు వెలగలేదు. అది గడ్డి అని దీనికి తెలుసు."

"తెలుసని నాకూ తెలుసు."

"మరెందుకు చేపింది?"

"లోపల బరువుంది తల్లీ. దించుకోవాలా వద్దా? దించుకోటానికి దానికో వంక కావాలి. ఆ వంక మనం చేసిపెట్టాలి."

వకుళ తెర ఆపేసింది. ఆ పూటంతా పరికరాల పెట్టె మూసి, గట్టు మీద కూర్చుని గడ్డిదూడ వంకే చూస్తూ ఉండిపోయింది. ఎస్తేరమ్మకు అది నచ్చలేదు గాని ఎందుకు నచ్చలేదో తెలియలేదు.

ఆదివారం వకుళ రెండు పొట్లాలు తెచ్చింది. ఎస్తేరమ్మే రెండూ వండింది, అదే మసాలా, అదే మంట, పక్కపక్క పొయ్యిలు. గంతలకని తువ్వాలు తీస్తుంటే వకుళ వద్దంది.

"చీటీలు చూసుకునే తినండి. ఇది చంద్రిది. అది నిర్జంతు. తేడా ఎంతో చెప్పండి చాలు."

ఇంత సులువు పరీక్షా అనుకుంది ఎస్తేరమ్మ. నిర్జంతు ముక్క నమిలి పక్కన ఊసింది. "చెప్పుతోలు" అంది. చంద్రిది నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదీ కూరంటే. మా చేలో జొన్నచొప్ప వాసన తగుల్తోంది. రాసుకో డాక్టరమ్మా. బతికున్నదాని రుచి నీ తొట్టికి రాదు."

వకుళ తల వంచుకుంది. "చంద్రి పోయిన వారమే కదండీ ఈనింది. అంతకు ముందు పది నెలలు చూడిది. మీ కొట్టంలో చూడిదాన్ని సూది తాకదు. ఈనాక తీసినా తొట్టిలో పెరగటానికి మూడు వారాలు కావాలి. చంద్రి మాంసం ఎక్కడినుంచి తెస్తాను నేను?"

ఎస్తేరమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. కట్టడి పెట్టింది తను. కాపలా కాసింది తను. చీటీ మీద పేరు చూసేసరికి అదంతా ఎటు పోయిందో.

"రెండూ నిర్జంతువే. ఒకే ముద్దను రెండు పొట్లాలు కట్టాను" అంది వకుళ. "తక్కువైందేమిటో మీరే చెప్పారండీ, బుధవారం. వంక."

సిగ్గుతో ముఖం కాలిపోయింది ఎస్తేరమ్మకు. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. గిన్నె అవతలికి నెట్టింది. రెండు నిమిషాలు చూసింది. మళ్ళీ దగ్గరికి లాక్కుని తినడం మొదలెట్టింది. తెలిసి కూడా బాగానే ఉంది. ఆ సంగతి ఆమెకు అన్నిటికంటే కష్టంగా తోచింది.

"అయితే మీవోళ్ళు ఇక పొట్లం మీద చంద్రి బొమ్మేసి అమ్ముకుంటారు. కొట్టం మూసేస్తారు. అంతేగా?"

"నేను రాయకపోయినా ఎవరో ఒకరు కనిపెడతారండీ."

"రాయి. కాకపోతే పొద్దున ఒకటి చూసి రాయి."

పొద్దున ఎస్తేరమ్మ గడ్డిదూడను చంద్రి ముందు పెట్టింది గాని తవుడూ ఉప్పూ రాయలేదు. చంద్రి వాసన చూసింది. మొహం తిప్పుకుంది. పొదుగు కింద పాలగిన్నె పెట్టబోతే ఒక్క తన్ను తన్నింది, గిన్నె వెళ్ళి వకుళ కాళ్ళ దగ్గర పడింది.

"చూశావుగా. ఒకసారి చేసి వదిలేసే వంక పనికిరాదు. రోజూ రాయాలి. నీ బొమ్మ నెల రోజులు పనిచేస్తది. ఆ తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు, ఏదీ చంద్రి, ఎక్కడుందీ అని. చూపించటానికి ఉండాలిగా?"

వకుళ నవ్వింది, వచ్చాక మొదటిసారి. నివేదికలో చివరి వాక్యం ఎస్తేరమ్మ చెప్తుంటే రాసుకుంది: పేరు ముద్రించిన ప్రతి గేదె బతికి ఉండాలి, మంద చెదరకూడదు, ఎవరు ఎప్పుడొచ్చి అడిగినా చూపించాలి.

కంపెనీ ఒప్పుకుంది. ఏడాది తిరిగేసరికి చంద్రి బొమ్మ లేని వంటిల్లు లేదు. పొట్లం అడుగున చిన్న అక్షరాల్లో 'ఇందులో గేదె లేదు' అని ఉండేది, అందరూ చదివేవాళ్ళు కూడా. ఆదివారాలు బస్సులు వచ్చేవి. జనం చంద్రి నుదుటి మచ్చ నిమిరి, ఫొటో దిగి, పక్క షెడ్డులో కూర్చుని దాని పేరు చెప్పుకుని తినేవాళ్ళు. ముప్ఫై రెండు గేదెలూ హాయిగా మేసేవి.

నాలుగో ఏట ఒక శనివారం మధ్యాహ్నం చంద్రి పడుకుని మళ్ళీ లేవలేదు. వయసు మీద పడింది, ఎవరి తప్పూ లేదు. ఎస్తేరమ్మ పక్కనే కూర్చుని మనసారా ఏడ్చింది. తర్వాత లేచి కళ్ళు తుడుచుకుంది. తెల్లారితే ఆరు బస్సులు. పేరుగలది పోయిందంటే మిగిలిన ముప్ఫై ఒకటీ ఏమవుతాయో ఆమె ఎవర్నీ అడగనక్కర్లేదు.

ఆదివారం పొద్దున బుల్లి అనే గేదెను కడిగి, చంద్రి కట్టుకొయ్యకు కట్టి, చంద్రి పేరున్న పలక తగిలించింది. బుల్లి నుదురు కారునలుపు, మచ్చ అనేదే లేదు. సున్నం పూద్దామా అనుకుని చేతిలోకి తీసుకుంది గాని, పారేసింది. కనుక్కుంటే కనుక్కోనీ, అప్పుడు చెప్పుకుందాం అనుకుంది.

జనం బస్సులు దిగారు. అందులో నాలుగేళ్ళుగా నెల నెలా వచ్చేవాళ్ళూ ఉన్నారు. మొదట ఓ పెద్దాయన ముందుకొచ్చాడు. మచ్చ ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి, ఆగాడు. ఎస్తేరమ్మ వైపు చూశాడు. ఎస్తేరమ్మ చూపు తిప్పుకోలేదు.

"చంద్రీ, బాగున్నావా తల్లీ" అని ఆయన ఆ నల్లటి నుదుటినే నిమిరాడు. వెనకవాళ్ళు వరసలోకి వచ్చారు.