కబ్ద్ కుంటలో పళ్లెం చప్పుడు

కువైట్ ఎడారిలోని కబ్ద్‌లో ఆ ఖర్జూరాల తోటకు పగటిపూట ఎవరైనా వెళ్తారు. టమాటాలు కోసుకుంటారు, మేకపిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగుతారు, నీటికుంట గట్టున కూర్చుని టీ తాగుతారు. పొద్దు గుంకి మగ్రిబ్ అజా వినపడిందా — కుంట ఈశాన్యం మూల ఖాళీ అయిపోతుంది. ఒక్క పురుగు ఉండదు.

ఆ మూలన పళ్లెం మోగుతుంది.

టక్... టక్... టక్. సరిగ్గా మూడుసార్లు. ఆ వెంటనే నీళ్లు కుతకుత ఉడికినట్టు కదులుతాయి. కాసేపటికి ఆ కదలికా ఆగిపోతుంది. తర్వాత ఇక ఏమీ ఉండదు... ఆ ఏమీ లేకపోవడమే మహా భయం.

నవ్వకండి. కంటికి కనపడని దేవుడికి రోజూ దీపం పెట్టే వాళ్లం, కంటికి కనపడనివి ఇంకో రెండున్నాయంటే కాదనడానికి మనమెవరం? కాస్త దగ్గరికి జరగండి. చిన్నపుల్లయ్యకు జరిగింది జరిగినట్టు చెబుతాను.

చిన్నపుల్లయ్యది రాజంపేట పక్కన చెయ్యేటి ఒడ్డు పల్లె. ఆ తోటలో పనికి చేరి రెండేళ్లు కాలేదు. పెళ్లాం మద్దమ్మ అదే కఫీల్ — వీసా ఇచ్చిన అరబ్బు యజమాని — ఇంట్లో, ఊళ్లోని రుమైథియాలో వంటమనిషి. ఇద్దరూ ఉన్నది ఒకే దేశంలో, ఒకే యజమాని దగ్గర. అయినా నెలకొక్కసారి మొహాలు చూసుకుంటే గొప్ప. మిగతా రోజులన్నీ ఫోనే.

ఆ కుంట చెట్లకు నీళ్లు పెట్టడానికి తవ్వించింది. అడుగున దళసరి ప్లాస్టిక్ పట్టా, పైన బోరునీళ్లు. అందులో జిలేబీ చేపలు ముందునించీ ఉన్నాయి. కిందటి ఏడు కఫీల్ ముచ్చటపడి రెండు వందల పండుగప్ప పిల్లల్ని తెచ్చి వదిలాడు. ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కటి మోచేతి పొడుగు కావాలి. వల వేస్తే పట్టా చిరుగుతుంది కాబట్టి, గాలంతో పట్టాల్సిందే.

మొన్న అక్టోబరులో ఒక శుక్రవారం చుట్టాలొచ్చి పొద్దున్నించీ గాలాలు వేశారు. ఒక్కటంటే ఒక్కటి పడలేదు. మర్నాడు కఫీల్ చిన్నపుల్లయ్యను గట్టు మీదికి పిలిచాడు.

"చేపలేవి?"

"ఉండాయి బాబా. నీళ్లలోనే ఉండాయి."

"నీళ్లలో ఉన్నాయో... హవల్లీలో మీవాళ్ల గదుల్లో కూరయ్యాయో?" కఫీల్ కళ్లు చిట్లించి చూశాడు. "వచ్చే శుక్రవారం మా అన్న వస్తున్నాడు. ఆయన ముందు పండుగప్ప ఒడ్డున పడాలి. లేదంటే నీ ఇఖామా నేను రెన్యూ చెయ్యను. ఖలాస్."

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం. అది ఖలాస్ అంటే, అయిపోయిందంటే, చిన్నపుల్లయ్య ఒక్కడే విమానం ఎక్కాలి. మద్దమ్మ ఒప్పందం ఇంకా రెండేళ్లుంది. పెళ్లాన్ని పరాయిదేశంలో వదిలేసి, దొంగ అనిపించుకుని పోవడం...

కానీ గాలం సంగతి చిన్నపుల్లయ్యకు ఎవడూ నేర్పక్కర్లేదు. ఏడేళ్ల వయసు నించీ ఏటి ఒడ్డున గాలం పట్టినవాడు. ఒడ్డున నిలబడి గాలం వేసేవాడు ముందు తన నీడ సంగతి చూసుకోవాలంటాడు. నీడ నీళ్ల మీద పడిందా, చేప ఆ పూటకు ఇటు రాదు. పండుగప్ప ఎండలో లోతున పడుకుంటుంది, పొద్దు వాలాక, మళ్లీ తెల్లవారి ఎండెక్కేదాకా, బోరు పైపు నీళ్లు దూకే చోటికి వస్తుంది. దానికి చచ్చిన ఎర పనికిరాదు — వేలెడు జిలేబీ పిల్ల వీపున కొక్కెం గుచ్చి, బతికుండగానే వదలాలి. మొదటిసారి తగలగానే లాగేవాడు తెలివితక్కువవాడు. అది ఎరను నోట్లో తిప్పుకుంటుంది. దారం సాగిపోయేదాకా ఓర్చుకుని, అప్పుడు ఒక్క గుంజు గుంజాలి. అది గాల్లోకి ఎగిరి తల విదిలిస్తే కర్ర దించాలి, బిగబడితే దారం పుటుక్కుమంటుంది. ఇక పట్టాక — దవడ పట్టుకో గానీ చెంపల దగ్గర చెయ్యి పెట్టకు. ఆ చెంప రేకు మంగలికత్తి.

ఇంత తెలిసినవాడు ఆదివారం పొద్దు వాలినప్పటి నించీ పైపు దగ్గర కూర్చున్నాడు. ఎర నీళ్లలో ఈదుతూనే ఉంది. ఒక్కటి ముట్టలేదు. రాత్రి ఇషా నమాజు వేళ దాటింది. అప్పుడు... ఈశాన్యం మూల నించి—

టక్... టక్... టక్.

నీళ్లు కుతకుతలాడాయి.

చిన్నపుల్లయ్య గాలం అక్కడే పారేసి గదిలోకొచ్చి పడ్డాడు. గదిలో అతనితోపాటు ఉండేది డ్రైవరు మునాఫ్, రాయచోటి వాడు. మునాఫ్ లేచి తలుపు గడియ చూసుకుని, గొంతు తగ్గించాడు.

"విన్యావా పుల్లన్నా? నేను జెప్తే భయపడతావని ఇన్నాళ్లూ జెప్పలేదు. నీ ముందర ఈడ రామాంజనేయులని ఉండె. మన కడప పక్కోడే. రోజూ సంగటి తిని, ఆ మూలన రంగు బకెట్టు బోర్లేసుకోని కూచోని, పళ్లెం మూడుసార్లు కొట్టి మిగిలింది చేపలకేస్తాండె. ఒక ఎండాకాలం పొద్దన పోయి జూస్తే... బకెట్టు మీదనే ఉండాడు. పళ్లెం వొళ్లోనే ఉంది. పానమే లేదు."

"పెద్దకర్మ యాడ జేసిరి?"

"శవం పెట్టె ఊరికి జేరేసరికి ఇరవై దినాలాయ. ఆడ ఏం జేసిరో, ఏం లేదో... ఎవురికి ఎరిక?"

చిన్నపుల్లయ్య మంచం మీద ముడుచుకున్నాడు. దెయ్యాన్ని తోలడానికి ఆంజనేయస్వామిని తలుచుకుందామా అంటే, ఆ దెయ్యం పేరే రామాంజనేయులు! పిలిస్తే ఎవరు పలుకుతారో... నోరు మూసుకుని, కొండమీది వెంకన్ననే తలుచుకున్నాడు.

మంగళవారం రాత్రి మళ్లీ వినపడింది. అవే మూడు దెబ్బలు.

బుధవారం పొద్దున ఎరకోసం వేసిన చిన్న గాలానికి ఒక జిలేబీ పడింది. అరచెయ్యంత ఉంది, ఎరకు పెద్దదైంది. కూరకైనా వస్తుందని పొట్ట కోశాడు. కోసి... కత్తి అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

పొట్ట నిండా నల్లటి మెత్తటి ముద్ద. వేళ్లతో నలిపి చూశాడు. వాసన చూశాడు. అనుమానమే లేదు.

రాగి సంగటి.

కువైట్ ఎడారిలో, కబ్ద్ తోటలో, చేప కడుపులో రాగి సంగటి! ఇప్పుడు అర్థమైంది ఎందుకు పడటం లేదో. ఎవరో ఒక మూలన మేత వేస్తున్నారు. జిలేబీలన్నీ అక్కడ మూగుతున్నాయి. పండుగప్పలు వాటి వెనకే వెళ్లి కడుపునిండా జిలేబీల్ని మింగుతున్నాయి. కడుపు నిండిన పండుగప్ప గాలం మొహం చూడదు.

వేస్తున్నది ఎవరు? గదిలోకి పరుగెత్తి రాగిపిండి డబ్బా మూత తీశాడు. పోయిన నెల మద్దమ్మ పంపిన పిండి — సగానికి సగం లేదు. తాను వండుకున్నది నాలుగు సార్లే.

ఆ డబ్బా సంగతి తెలిసినవాడు ఈ తోటలో ఇంకొక్కడే.

"మునాఫూ, నా రాగిపిండి నువ్వు ఎత్తినావా?"

మునాఫ్ గడ్డం గీసుకుంటున్నవాడు అద్దంలోనే చూశాడు. "సంగటి తినమని డాక్టరు జెప్తేనే నేను తినలే. దొంగతనం జేసి తింటానా? పుల్లన్నా, తిక్కగాని లేసిందా నీకు?"

నమ్మలేదు చిన్నపుల్లయ్య. పైకి నవ్వాడు గానీ, లోపల పురుగు తొలిచేసింది. కఫీల్ చెవిలో హవల్లీ మాట వేసింది వీడే కాదు కదా? నన్ను పంపేసి వాళ్ల బామ్మర్దిని తెచ్చుకోవాలని... ఆ రోజంతా మునాఫ్ ఎటు కదిలితే అటు చూశాడు.

గురువారం సాయంత్రం మునాఫే రుమైథియా వెళ్లి కఫీల్ కుటుంబాన్ని తోటకు తీసుకొచ్చాడు. మర్నాడే శుక్రవారం. చిన్నపుల్లయ్య దుప్పటి కప్పుకుని, కళ్లు మూయకుండా పడుకున్నాడు. వీడు లేస్తాడు. లేచి పిండి డబ్బా ముట్టుకుంటాడు. అప్పుడు పట్టుకోవాలి...

మునాఫ్ గురక పెడుతున్నాడు.

పదకొండు దాటింది. ఇంకా గురకే.

టక్... టక్... టక్.

మునాఫ్ పక్క మంచం మీదే ఉన్నాడు. నోరు తెరుచుకుని, గురకపెడుతూ.

మరి ఆ మూలన ఎవరు?

వెళ్లకపోతే రేపటితో ఖలాస్. వెళ్తే... వెళ్తే ఏమవుతుందో ఆ వెంకన్నకే తెలియాలి. మద్దమ్మ మొహం ఒక్కసారి తలుచుకున్నాడు. టార్చి వెలిగించకుండా, ఖర్జూరపు చెట్ల వెనకనించి ఒక్కో అడుగూ వేశాడు.

గట్టు మీద రంగు బకెట్టు. దాని మీద... నల్లగా... తల నించి పాదాల దాకా నల్లగా ఒక ఆకారం. ముందుకు వంగి ఉంది. కాళ్ల దగ్గర నీళ్లు మరుగుతున్నాయి. చీకట్లో చేపల వీపులు మిలమిలా తిరుగుతున్నాయి. ఆకారం చెయ్యి పైకి లేచింది—

"రామాంజనేయులన్నా..." చెట్టు చాటు నించే పిలిచాడు.

ఆకారం మెల్లగా తల తిప్పింది.

"ఎవరది? పుల్లయా?"

చిన్నపుల్లయ్య టార్చి నొక్కాడు. నల్లటి అబాయా ముసుగులో ముడతలు పడ్డ ముసలి మొహం. కఫీల్ తల్లి — పనివాళ్లంతా పెద్ద మామా, అంటే పెద్దమ్మగారు, అని పిలిచే ముసలామె! వొళ్లో స్టీలు పళ్లెం, పక్కన సంచి నిండా ఎండు ఖుబూస్ రొట్టెలు. పళ్లెం అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన తెలుగు అక్షరాలు: కె. రామాంజనేయులు.

చిన్నపుల్లయ్య ఆమె కాళ్ల దగ్గర గట్టు మీద కూర్చున్నాడు. ఏడ్చాడో నవ్వాడో అతనికే తెలియదు. వచ్చీరాని అరబ్బీలో అడిగాడు, ఆమె నిదానంగా చెప్పింది.

"రామా మంచివాడు. నా కాళ్లు పనిచెయ్యనప్పుడు చెయ్యి పట్టుకుని ఈ గట్టు మీద నడిపించాడు. నీళ్లలో వేసిన ముద్ద పోయినవాళ్లకు చేరుతుందని చెప్పేవాడు. వాడు పోతే ఇక్కడ వాడికోసం ముద్ద వేసేవాళ్లెవరు? అందుకే వాడి పేరున నేను సదకా, పుణ్యదానం, చేస్తున్నాను. మా అబ్బాయికి తెలిస్తే రాత్రిపూట గట్టెక్కనివ్వడు. చెప్పకు."

చిన్నపుల్లయ్య చేతులు జోడించాడు. ఆ చేతులు విప్పకుండానే తన కష్టం చెప్పుకున్నాడు. కడుపు నిండిన చేపలు, రేపటి గడువు, మద్దమ్మ.

పెద్ద మామా ఖుబూస్ సంచి మూతి బిగించి ముడి వేసింది.

"ఈ రాత్రి వీటికి పస్తు. పొద్దున్నే ఆ పైపు దగ్గర వేసుకో నీ గాలం. ఈ మూలన మాత్రం వద్దు. పిలిచి అన్నం పెట్టేచోట చంపకూడదు."

తెల్లవారింది. కఫీల్, వాళ్ల అన్న కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. చిన్నపుల్లయ్య వంగి, నీడ పడకుండా, పైపు దగ్గర ఎర వదిలాడు. ఒకసారి తగిలింది... లాగలేదు. దారం సర్రున సాగింది... ఇంకా లాగలేదు. "యల్లా! యల్లా! లాగు!" అని కఫీల్ అరుస్తున్నాడు. అప్పుడు గుంజాడు. వెండి పలకలా ఎగిరింది పండుగప్ప, తల విదిలించింది. కర్ర దించాడు, మళ్లీ ఎత్తాడు. ఒడ్డుకు పడేసరికి ఆత్రంలో తన పాఠం తనే మరిచి చెంప దగ్గర పట్టుకున్నాడు. బొటనవేలు తెగి రక్తం కారింది. కారనీ! తొమ్మిది గంటలకల్లా ఇంకో మూడు పడ్డాయి.

కఫీల్ భుజం తట్టాడు. "ఇఖామా ఆదివారం చేయిస్తాను."

ఆ సాయంత్రం అందరూ బయల్దేరారు. కారు ఎక్కుతున్న పెద్ద మామా చెవి దగ్గర చిన్నపుల్లయ్య మెల్లగా అన్నాడు. "మామా, ఖుబూస్ వెయ్యి. నా రాగిపిండి మాత్రం అడిగి తీసుకో. నేనే వండి ఇస్తా."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "రాగిపిండా? అదేంటి? నేను మీ గదిలోకి ఎప్పుడొచ్చాను? నేను తెచ్చేది ఖుబూసే. అదీ గురువారం మాత్రమే."

కారు వెళ్లిపోయింది.

గురువారం మాత్రమే... మరి ఆదివారం? మంగళవారం?

శనివారం రాత్రి. మునాఫ్ రుమైథియాలోనే ఉండిపోయాడు. చిన్నపుల్లయ్య ఒక్కడే సంగటి గెలికి, మద్దమ్మకు ఫోను చేశాడు.

"మద్దమ్మా, ఆ పళ్లెం... పేరు కొట్టించిన పళ్లెం... యాడుంది?"

"పెద్ద మామా సంచిలో ఉండె. ఇప్పుడే తోమి బోర్లించినా. నా కళ్ల ముందరే ఉండాది. ఎందుకయ్యా?"

చిన్నపుల్లయ్య జవాబు చెప్పబోయాడు.

టక్... టక్... టక్.

ఆ చప్పుడు ఫోనులో మద్దమ్మకూ వినపడింది. "ఏందయ్యా ఆ చప్పుడు? ఎవురు ఆడ పళ్లెం కొడతాండేది?"

అతను ఫోను మంచం మీద పెట్టాడు. కుండలోంచి ఇంకో ముద్ద తీసి ఆకులో పెట్టాడు. గుడి ముందర విడిచినట్టు గడప దగ్గర చెప్పులు విడిచాడు. చీకట్లోకి, ఆ మూల వైపు చూస్తూ అన్నాడు.

"వస్తాండా రామాంజనేయులన్నా. ఇంక పిండి నువ్వు ఎత్తుకోబాక... ఈ పొద్దు నించి నేనే పెడతా."

ఆ మూలన నీళ్లు కుతకుతలాడటం ఆగిపోయింది... ఎవరో తల ఎత్తి విన్నట్టు.