వెనక సీటు మడిస్తే

ఆమెను నేను మొదటిసారి చూసింది ఒక కారు కింద.

అడుగున తుప్పు పట్టిందేమో చూద్దామని నేను కుడివైపు నుంచి దూరాను. ఆమె ఎడమవైపు నుంచి అప్పటికే దూరి ఉంది. చేతిలో పెన్నంత టార్చి. దాని వెలుగు నేరుగా నా కళ్ళలో పడింది.

"ఈ కారు నేను చూస్తున్నానండీ," అంది, వెల్లకిలా పడుకునే.

"నేనూ చూస్తున్నానండీ," అన్నాను, బోర్లా పడుకుని.

పోట్లాడుకోవడానికి అది అనువైన చోటు కాదు కాబట్టి చెరోవైపు నుంచి పాక్కుంటూ బయటికొచ్చాం. ఆమె జడకు మట్టి, నా ముక్కుకు గ్రీజు. ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. నాకు నవ్వు రాలేదు. ఆ కారు నాకు కావాలి, అంతే.

నాది తేనెటీగల పెంపకం. మా పొలాల వైపు పూత అయిపోయింది, కొండమీద అప్పుడే మొదలైంది. వారంలోగా పెట్టెలన్నీ కొండెక్కించకపోతే ఈగలు పస్తులతో చస్తాయి. ఆ దారిలో లారీ ఎక్కదు. నా పాత ఫోర్ వీల్ డ్రైవ్ మేకలా ఎక్కుతుంది గానీ లోపల ఇరుకు. వెనక నాలుగు పెట్టెలు పెడితే ఐదోది ఒళ్ళో పెట్టుకుని తోలాలి. అందుకే కాస్త చోటున్న బండి కోసం ఈ పాత కార్ల యార్డుకు వచ్చాను.

యార్డులో అలాంటివి రెండున్నాయి. ఒకటి ఎర్రగా, ఎత్తుగా, అద్దంలో చూసుకుని వచ్చినట్టు మెరిసిపోతోంది. తలుపు తీస్తే లోపల అగ్గిపెట్టె. రెండోది బురదరంగుది. చూపుకు ఏమీ లేదు. కానీ నాలుగు తలుపులు, నాలుగు టైర్లూ ఒకే అరుగుదల, వెనక సీటు మడిస్తే చాప పరిచినట్టు సాపుగా చోటు. యార్డు పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. వచ్చినవాళ్ళకల్లా ఎర్రదాన్నే అంటగట్టాలని ఆయన చూస్తాడు. మేమిద్దరం దాన్ని కన్నెత్తి చూడకుండా ఒకే బురదరంగు కారు కింద దూరేసరికి ఆయన తల గోక్కున్నాడు.

ఆమెది కళ్ళు పరీక్షించి అద్దాలిచ్చే పని. కొండ పల్లెల్లో క్యాంపులు పెడుతుంది. ఆమెకూ ఒక చిన్న బండి ఉంది, అందులోనూ ఇదే గోల. అద్దాల పెట్టె, అక్షరాల చార్టు, మడత కుర్చీ ఎక్కిస్తే అమ్మమ్మకు చోటుండదు. అమ్మమ్మ లేకపోతే క్యాంపే నడవదట. కొండమీది ముసలివాళ్ళు ఈ అమ్మాయి చెబితే గడ్డం కూడా ఎత్తరు. అమ్మమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే మాత్రం బుద్ధిగా అక్షరాలు చదువుతారు.

మేం వాదించుకుంటుండగానే, ఆమెతో వచ్చిన ఆ అమ్మమ్మగారు ముందు తలుపు తీసుకుని సీట్లో కూర్చున్నారు.

"మోకాలు నొప్పెట్టకుండా ఎక్కాను. ఇంక నేను దిగను," అన్నారు.

నేనేం తక్కువ తిన్నానా? ఎన్ని పెట్టెలు పడతాయో కొలవడానికి తెచ్చుకున్న ఖాళీ పెట్టెను తీసుకెళ్ళి వెనక పెట్టేశాను. ఆమె తన అద్దాల పెట్టె తెచ్చి దాని పక్కనే పెట్టింది. నేను తలుపు వేయబోతే ఆమె మడత కుర్చీ తెచ్చింది. బాబాయ్ ఇక లాభం లేదనుకుని, అందరూ కలిసే ఒక రౌండు వేసి రండి, ఎవరికి నచ్చకపోతే వాళ్ళే తప్పుకుంటారు అన్నాడు. తాళం ఎవరికివ్వాలా అని ఆయన ఆలోచించే లోపలే అది ఆమె చేతిలో ఉంది.

ఊరు దాటి మట్టిదారి పట్టామో లేదో వాన అందుకుంది. ముందు నిట్టనిలువు ఎక్కుడు, దాని మొదట్లో బురద గుంట. లో గేరులో వేయండి అందామని నేను వెనక నుంచి నోరు తెరిచేసరికే ఆమె బండి ఆపి, చిన్న లివరు లాగి, నింపాదిగా గుంటలోకి దింపింది. చక్రాలు ఒక్కసారి జారాయి. తర్వాత నాలుగూ కలిసి పట్టుకున్నాయి. బురద అద్దాల మీదికి ఎగిరింది, అద్దాల పెట్టె గలగలలాడింది, నేను పెట్టెను కౌగిలించుకున్నాను. బండి మాత్రం ఎక్కడా తొణక్కుండా గట్టెక్కింది. పైకి చేరాక ఆమె ఆపి, ఎలా ఉంది అన్నట్టు గర్వంగా వెనక్కి తిరిగింది.

అప్పుడే నా పెట్టెలోంచి ఒక ఈగ లేచి వెళ్ళి ఆమె కనుబొమ మీద వాలింది.

పెట్టె ఖాళీయే. కానీ మైనం వాసనకు ఒకటో రెండో ఈగలు లోపల చేరి ఉంటాయని చూసుకోలేదు. ఈగలు పెంచేవాడు చేయకూడని పొరపాటు.

"కదలకండి. ఊదకండి. అదే పోతుంది," అన్నాను.

ఆమె కదల్లేదు. నావైపే చూస్తూ ఉండిపోయింది. రోజంతా మనుషుల కళ్ళలోకి చూడటం ఆమెకు పని. నాకు అలవాటు లేదు. నా గుండె బురదలో పడ్డ చక్రంలా తిరుగుతోంది, ఎక్కడా పట్టు దొరకట్లేదు. బయట వాన కొడుతోంది, లోపల ఇద్దరం ఊపిరి బిగబట్టుకుని చూసుకుంటున్నాం.

"ఈగ ఎప్పుడో పోయింది," అన్నారు అమ్మమ్మగారు, ముందుకే చూస్తూ.

ఆమె గబుక్కున స్టీరింగు వైపు తిరిగి, మీరు రెప్పలు మరీ ఎక్కువ కొడుతున్నారు, కళ్ళు పొడిబారాయేమో చూపించుకోండి అంది. అది కళ్ళ జబ్బు కాదండీ అన్నాను. అద్దంలో ఆమె బుగ్గలు కనిపించాయి. ఇక ఆ పూట నాకు మరేం కనిపించలేదు.

తిరిగొచ్చేటప్పుడు కొండమీది ఒక పాప సంగతి చెప్పింది. బోర్డు కనిపించక బడి మానేసిందట. అద్దాలు తయారై పెట్టెలోనే ఉన్నాయి. అమ్మమ్మ లేకుండా ఒకసారి వెళితే ఆ పిల్ల నానమ్మ, ఆడపిల్లకు అద్దాలేంటని తలుపే తీయలేదు. "అమ్మమ్మ వస్తే ఒప్పిస్తుంది. ఈ బండి దొరికితే ఆ పాప మళ్ళీ బడికి వెళ్తుంది," అంది. నన్ను అడగడానికి చెప్పిన మాట కాదది. తనలో తను అనుకున్నట్టు అంది.

యార్డుకు రాగానే నేను బాబాయ్‌ని పక్కకు పిలిచి, కారు ఆవిడకే ఇచ్చేయండి అన్నాను. మరి నీ పెట్టెల సంగతో అన్నాడు. నాలుగు చొప్పున మోసుకుంటానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పోనీ ఎర్రది తీసుకోరాదా అన్నాడు. ఆమెకు చెబితే ఒప్పుకోదని, ఎదురుపడితే నా మాటే నేను నిలబెట్టుకోలేనని, చెప్పకుండానే వచ్చేశాను.

తర్వాత రెండు రోజులు నా పాత బండి మూలుగుతూ కొండెక్కింది, మూలుగుతూ దిగింది. క్లచ్చు కమురు వాసన వేసింది. ఎంత మోసినా తోటలో పెట్టెల వరస తగ్గినట్టే లేదు. మేత లేక ఈగల చప్పుడు సన్నగిల్లింది. పెట్టెకు చెవి ఆనించి వింటుంటే ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో సగం ఈగల కోసం, సగం ఎవరి కోసమో నాకు తెలుసు.

మూడోనాటి తెల్లవారుజామున ఈగలింకా బయటికి రాకముందే, తోట ముందు బురదరంగు కారు వచ్చి ఆగింది. ముందు సీట్లో అమ్మమ్మగారు. వెనక సీటు మడిచి ఉంది. ఆమె దిగుతూనే విరుచుకుపడింది.

"చెప్పకుండా వెళ్ళిపోవడమేంటండీ? నేను ఈగకు భయపడ్డానని నవ్వుకుంటూ పోయారనుకున్నాను. నిన్న సాయంత్రం బాబాయ్ నోరు జారేదాకా అసలు సంగతి నాకు తెలియదు."

"పాపకు అద్దాలు..."

"ఇచ్చేశాం. బడికి వెళ్తోంది. ఇప్పుడు మీ పెట్టెలెక్కించండి."

ఈగలు వచ్చిపోయే గుమ్మాలు మూసిన పెట్టెలు ఒకదాని పక్కన ఒకటి, ఒకదానిపై ఒకటి ఎక్కించాం. తలుపుదాకా నిండింది. అంత విశాలమైన కారులో నాకు మాత్రం చోటు లేదు. అమ్మమ్మగారు దిగే మనిషి కాదు. నేను నా ఇరుకు బండిలో మిగిలినవి పెట్టుకుని వెనకే బయల్దేరాను. బురద వచ్చిన చోటల్లా ఆమె ఆగి, కిటికీలోంచి చేయి బయటపెట్టి, నిదానంగా రమ్మని సైగ చేసేది. ఆ చేతిని చూస్తూ ఎంత దూరమైనా తోలగలననిపించింది. ఆ రోజు మళ్ళీ మళ్ళీ తిరిగి, పెట్టెలన్నీ కొండమీదికి చేర్చాం.

చివరి వరస గుమ్మాలు తీసేసరికి వాన వెలిసి ఎండ వచ్చింది. ఈగలు ఒక్కొక్కటిగా బయటికొచ్చి, గాలిలో గిరికీలు కొట్టి, పూల వైపు సాగాయి. ఆ చప్పుడు వింటే నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"ఇప్పుడూ కదలకూడదా?" అంది ఆమె, బిగుసుకుని నిలబడి.

"కదలొచ్చు."

ఆమె ఒక అడుగు నావైపు వేసింది. ఇంకా ఆగితే నా అంత వెర్రివాడు ఉండడనిపించింది.

"ఆ కారు నేను మంచితనంతో వదులుకోలేదండీ. మీరంటే ఇష్టం. మీరు మొహం చిన్నబుచ్చుకోవడం చూడలేక వదులుకున్నాను."

ఆమె చున్నీ కొంగుతో చేతి మట్టి తుడుచుకుంది. తర్వాత నా ముఖం మీది మట్టి కూడా తుడిచింది.

"ఇవాళ నాకు క్యాంపు ఉంది. అది మానుకుని పొద్దుట్నుంచి నీ పెట్టెలు మోస్తున్నాను. ఎందుకనుకుంటున్నావు?"

మీరు, అండీ అన్నవి ఆ బురదదారిలో ఎక్కడ పడిపోయాయో నాకు తెలియదు. వెతకాలని కూడా అనిపించలేదు.

కారు అద్దం దిగింది. అమ్మమ్మగారు అంతా విన్నట్టే ఉన్నారు.

"అబ్బాయ్, ఇంట్లో ఎవరెవరుంటారు?"

అమ్మ, నాన్న, అక్క, బావ, వాళ్ళ పిల్లలు అని చెప్పాను.

"ఆ సీటు మళ్ళీ పైకెత్తు. కారు మీ ఇంటికి పంపిస్తాను. అందర్నీ ఎక్కించుకుని మాట్లాడటానికి రా. పిల్లలు ఒళ్ళో కూర్చుంటారు, అందరూ పడతారు."

"రేపే వస్తామండీ," అన్నాను.

"రేపు కుదరదు," అంది ఆమె. "ఇవాళ్టి క్యాంపు రేపు పెట్టాలి. ఎల్లుండి రా, నేనే వచ్చి తీసుకెళ్తాను."