నవ్వడానికి వదిలిన ఖాళీ

మా ఊరి సినిమా హాల్లో రెండో తెర అంటే పనివాళ్ళకే హడల్. ఆ నవ్వుల సినిమా నాలుగో భాగం పడ్డప్పట్నుంచీ, చీకటి పడ్డాక అక్కడ ఒంటరిగా ఎవరూ ఉండరు. చచ్చినా ఉండరు.

మొదటి మూడు భాగాలకీ కడుపు చెక్కలయ్యేలా నవ్వాం, కాదనను. నాలుగోదా? థూ! తీసినవాళ్ళ చేతులు పడిపోనూ! చచ్చిన పామునే మళ్ళీ మళ్ళీ కొట్టారు. పైగా పొగరెంతో చూడండి— ప్రతి జోకు తర్వాతా కాసేపు ఖాళీ వదిలారు. జనం పగలబడి నవ్వుతారట, ఆ గోలలో తర్వాతి మాట వినబడదట! అందుకని తెరమీద అందరూ నోళ్ళు మూసుకుని మనకేసి చూస్తూ నిలబడతారు. ఎవడూ నవ్వడు. వాళ్ళు చూస్తూనే ఉంటారు...

నా బావమరిది అక్కడ ఆపరేటరు. వాడు చెప్పిందే చెబుతున్నా.

ఆ రాత్రి మా అత్తగారు ఆసుపత్రిలో ఉంది. నా భార్య వాడికి ఫోన్ చేసింది. "అమ్మ నీకోసమే చూస్తోందిరా. త్వరగా రా."

వాడు ఓనరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. "టికెట్లు తెగాయి. ఆట మధ్యలో ఆపావో, మెషిన్‌లో టైముతో సహా రికార్డవుతుంది, నాకు తెలిసిపోతుంది. ఇక రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడా మహానుభావుడు. తెగినవి రెండే. ఆ ఇద్దరూ ఇంటర్వెల్‌కే లేచిపోయారు.

చివరి జోకు వచ్చింది. హీరో మాట పూర్తిచేసి హాల్లోకి చూశాడు. వెనకున్నవాళ్ళూ చూశారు. ఖాళీ...

ఆ ఖాళీ ఎంతకీ అవ్వలేదు.

బొమ్మ ఆగిపోయిందనుకున్నాడు మావాడు. కానీ తెరమీద వాళ్ళు రెప్పలు వేస్తున్నారు. మెషిన్ కట్టేశాడు— తెర ఆరలేదు. తలుపు లాగాడు— రాలేదు. జేబులో ఫోన్ మోగితే ఎత్తాడు... అవతల అక్క ఏడుపు.

తిరిగి చూస్తే హీరో కుర్చీలకేసి చూడటం లేదు. పైకి— ఆపరేటరు గది అద్దంలోంచి— సూటిగా వీడికేసే చూస్తున్నాడు.

"నవ్వు," అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"రావట్లేదు సార్..." మావాడు చేతులు జోడించాడు. "అమ్మ దగ్గరికి పోవాలి. వదిలెయ్యండి."

"నవ్వి పో."

ఏం చేస్తాడు మరి? ముందు పళ్ళికిలించాడు. తెరమీద ఎవరూ కదల్లేదు. అప్పుడు కళ్ళు మూసుకుని, పొట్ట పట్టుకుని, ఊపిరాడనంతగా నవ్వాడు. తలుపు దానంతటదే తెరుచుకుంది.

పరిగెత్తుకుంటూ ఆసుపత్రికొచ్చాడు. ఆవిడకింకా ప్రాణం ఉంది. నేనక్కడే ఉన్నా. కొడుకుని చూసి చెయ్యి చాపింది. వాడు మంచం పక్కన కూలబడి "అమ్మా" అనబోయాడు—

పకపకా నవ్వాడు.

రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. కన్నీళ్ళు ధారలు కడుతున్నాయి. నవ్వు మాత్రం ఆగలేదు...

మా అత్తగారు కాసేపు వాడికేసి చూసింది. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. అంతే, పోయింది.